తాగే నీళ్ల గురించి అందరూ అడిగే ప్రశ్నలు: క్యాన్, బాటిల్, ఆర్వో, నల్లా

మాది హైదరాబాద్‌లో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మూడేళ్లు కమిటీలో నీళ్ల పని నా నెత్తిన పడింది. సంపు కడిగించడం, ట్యాంకర్ పిలిపించడం, క్యాన్లు వేసే కుర్రాడితో తగువు, అన్నీ నావే. పుట్టింది మాత్రం కనిగిరి వైపు పల్లెలో, అందుకే నీళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒక బెంగ ఉంది, అదేంటో ఫ్లోరైడ్ దగ్గర చెబుతాను. జనం అడిగిందే అడుగుతుంటే ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇలా రాసి పెట్టాను.

మా ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాన్ మినరల్ వాటరేనా?

కాదు. నూటికి తొంభై తొమ్మిది సార్లు కాదు. మినరల్ వాటర్ అంటే ఊట దగ్గరో భూగర్భంలోనో సహజంగా దొరికిన నీళ్లని, అందులోని ఖనిజాలు మార్చకుండా అక్కడికక్కడే నింపినవి. వాటికి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 13428. మనం కొనే మామూలు బాటిల్ నీళ్లు ఐఎస్ 14543 కిందకి వస్తాయి, వాటి పేరు ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంటుంది, చూడండి.

ఇక వీధి చివర ప్లాంటు నుంచి ఆటోలో వచ్చే క్యాన్ అయితే, బోరు నీళ్లని ఆర్వో మిషన్‌లో, అంటే సన్నటి పొరలోంచి నీళ్లని ఒత్తిడితో తోసే మిషన్‌లో పోసి ఖనిజాలు చాలావరకు తీసేసినవి. ఉన్న మినరల్స్ తీసేసి దానికే మినరల్ వాటర్ అని పేరు పెట్టుకున్నాం. అలవాటైపోయింది, బిస్లరీ అంటే ఏ కంపెనీ బాటిలైనా అన్నట్టు.

క్యాన్ మీద ఐఎస్ఐ మార్కు ఉంటే చాలా?

మార్కు ఉండటం మంచిదే, కానీ మార్కు బొమ్మ ఎవడైనా ప్రింట్ చేయించుకోవచ్చు. ఆ బొమ్మ కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉంటుంది. ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్, వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో, లైసెన్స్ నడుస్తోందో లేదో చూపిస్తుంది. దాంతో పాటు ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్స్ నంబర్ కూడా ఉండాలి.

ఇక్కడో విషయం చాలామందికి తెలియదు. ఇన్నాళ్లూ సీలు వేసి అమ్మే నీళ్లకు బీఐఎస్ సర్టిఫికెట్ తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ నిబంధన తీసేసింది. నెలన్నర తిరక్కుండానే, నవంబరు చివర్లో, ఈ నీళ్లని ఎక్కువ రిస్కు ఉన్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చింది, అంటే లైసెన్స్ ఇచ్చే ముందు తనిఖీ, ఏటా ఆడిట్ అన్నమాట. కాబట్టి ఐఎస్ఐ మార్కు లేనంత మాత్రాన ఇప్పుడు దొంగ బాటిల్ అనలేం. సీలు వేసిన బాటిల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ కూడా లేకపోతే మాత్రం ముట్టుకోకండి.

వీధి ప్లాంటు క్యాన్ల మీద సాధారణంగా ఏ నంబరూ ఉండదు. అక్కడ మీ కళ్లే లైసెన్స్. ఒకసారి వెళ్లి ప్లాంటు చూసి రండి, క్యాన్లు ఎలా కడుగుతున్నారో చూడండి. చూడనివ్వకపోతే ప్లాంటు మార్చండి.

టీడీఎస్ ఎంత ఉండాలి? మా క్యాన్ వాడు 20 అంటున్నాడు, గొప్పగా.

ఈ ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు, ఈ టీడీఎస్ పిచ్చి మన ఊళ్లల్లో జ్వరంలా పాకింది. ఆ పెన్నులాంటి మీటర్ మూడొందల రూపాయలకి దొరకడం మొదలైనప్పటి నుంచి ప్రతి ఒక్కరూ సైంటిస్టే.

టీడీఎస్ అంటే నీళ్లల్లో కరిగి ఉన్న లవణాల మొత్తం. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. మీటర్ చూసేది నీళ్లల్లోంచి కరెంటు ఎంత పారుతోందనేది, దాన్నిబట్టి అంకె చూపిస్తుంది. ఆ లవణాల్లో ఫ్లోరైడ్ ఎంత, సున్నం ఎంత అన్నది దానికి తెలియదు. ముఖ్యంగా సూక్ష్మజీవులు అసలే తెలియవు.

ఒకసారి కమిటీ మీటింగులో ఈ వాదన ముదిరితే టేబుల్ మీదే చేసి చూపించాను. గ్లాసులో క్యాన్ నీళ్లు, మీటర్ పెడితే 42. కింద మట్టిలో ఆడుకుని వచ్చిన పక్క ఫ్లాట్ బుడ్డోడిని పిలిచి వేలు ముంచి తిప్పమన్నాను. మళ్లీ మీటర్ పెడితే 43. ఇప్పుడు ఎవరు తాగుతారు అని గ్లాసు ముందుకు జరిపితే ఒక్కరూ ముట్టుకోలేదు. ఒక అంకె తేడా, అంతే.

తక్కువ టీడీఎస్ నీళ్లు తాగితే ఎముకలు గుల్లబారతాయా అని కూడా అడుగుతారు. మనకి కాల్షియం ప్రధానంగా వచ్చేది తిండి నుంచే, పెరుగన్నం తినే ఇంట్లో నీళ్ల కోసం అంత కంగారు అక్కర్లేదు. కానీ 20 అనేది గొప్ప కాదు. రుచి ఉండదు, అంతే.

ఇంట్లో ఆర్వో పెట్టించుకోవాలా?

మీ నీళ్లు ఎక్కడివి అన్నదాన్నిబట్టి. బోరు నీళ్లు, అందులో ఉప్పదనమో ఫ్లోరైడో ఎక్కువ ఉంటే ఆర్వో కావాల్సిందే, మామూలు ఫిల్టర్లు వాటిని ఆపలేవు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు నల్లాలో వచ్చే ఇంటికి మాత్రం ఆర్వో దండగ. నది నీళ్లల్లో లవణాలు మామూలుగా తక్కువే, అక్కడ మన భయమంతా పైపుల్లో కలిసే మురుగు గురించి, దానికి యూవీ ఫిల్టర్, అంటే అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది చాలు, లేదా పొయ్యి మీద మరిగించినా చాలు. అమ్మేవాడు మాత్రం ఆర్వోనే అంటగడతాడు.

ఆర్వో మామూలుగా ఒక లీటరు మంచినీళ్లు ఇచ్చి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఇందుకే. వదిలేసే నీళ్లని బకెట్లో పట్టి బాత్రూంలకీ బండి కడగడానికీ వాడండి, మొక్కలకి రోజూ పోయకండి, ఉప్పు పేరుకుంటుంది.

ఫ్లోరైడ్ గురించి అంత భయపడాలా?

బోరు నీళ్లు తాగే ఊరైతే, భయపడాలి.

మా ఊళ్లో నా వయసు వాళ్లు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పళ్ల మీద గోధుమ రంగు చారలు, కొందరికి గుంటలు. నాకు పైపళ్లు రెండింటి మీద ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లిచూపుల్లో మా అక్కని నవ్వొద్దని చెప్పి కూర్చోబెట్టారు. పళ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్ల గుర్తు అది, తర్వాత ఏ పేస్టుతో తోమినా పోదు. పెద్దయ్యాక కూడా అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుం వంగిపోతుంది. మా తాత చివరి పదేళ్లు ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాల్సి వచ్చేది.

మన దేశంలో ఈ జబ్బును డాక్టర్లు మొదట రికార్డు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. నల్లగొండ పేరైతే చెప్పక్కర్లేదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ని అడుగున దించే పద్ధతి తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ప్రపంచానికి ఇలా తెలియడం ఏం సంతోషం చెప్పండి. అక్కడ పరిస్థితి మారింది నది నీళ్లు పైపుల్లో రావడం వల్ల, 2016లో మొదలైన మిషన్ భగీరథ అందులో పెద్ద అడుగు.

గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఫ్లోరైడ్‌కి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. మా ఊరి బోరు నీళ్లు తియ్యగా ఉండేవని పక్క ఊళ్ల వాళ్లు బండి కట్టుకుని వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5 దాకా. టెస్ట్ చేయిస్తేనే తెలుస్తుంది.

నీళ్లు మరిగిస్తే అన్నీ పోతాయి కదా?

క్రిములు పోతాయి. టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు తెచ్చేవన్నీ చస్తాయి. బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు, పావుగంట మరగబెట్టి గ్యాస్ తగలేయక్కర్లేదు. కానీ ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు పోవు, పైగా నీళ్లు ఆవిరై అవి కొంచెం చిక్కబడతాయి. మరిగించిన గిన్నెలోనే మూత పెట్టి చల్లారనివ్వండి, కడగని బిందెలోకి వంచితే చేసిన పనంతా వృథా.

క్యాన్ నీళ్లు మంచివే, అయినా ఇంట్లో అందరికీ కడుపు నొప్పి. ఎందుకు?

నీళ్లు ప్లాంటులో బాగానే ఉండి దారిలో పాడవుతాయి. నాకు ఇది కళ్లారా తెలిసిన విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మా వాచ్‌మన్ గది పక్కన అందరికీ కలిపి ఒక డిస్పెన్సర్ పెట్టాం. ఒక వేసవిలో వాచ్‌మన్ పిల్లలిద్దరికీ వారం తేడాతో విరేచనాలు. క్యాన్ వాడి మీద అందరూ విరుచుకుపడ్డారు. హెచ్2ఎస్ సీసాలని పల్లెల్లో నీళ్ల టెస్టుకి వాడతారు, గీత దాకా నీళ్లు పోసి గదిలోనే ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం తాలూకు సూక్ష్మజీవులున్న నీళ్లు నల్లగా మారతాయి. నేను మూడు సీసాలు తెచ్చాను. ఒకదాంట్లో ప్లాంటు పైపు దగ్గర పట్టినవి, రెండోదాంట్లో అప్పుడే సీలు తీసిన క్యాన్‌వి, మూడోదాంట్లో డిస్పెన్సర్ కుళాయివి. మర్నాడు సాయంత్రానికి మొదటి రెండూ అలాగే ఉన్నాయి. మూడోది కాటుకలా నల్లబడింది.

కుళాయి విప్పాను. లోపల రబ్బరు వాషర్ చుట్టూ పచ్చటి జిగట, వేలితో తీస్తే చేప పొలుసులా జారుతోంది. క్యాన్ మూతి గుచ్చుకునే గొట్టం చుట్టూ దుమ్మూ, ఒక చీమల వరుస. డిస్పెన్సర్ కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ కడగలేదు, నాతో సహా. క్యాన్ వాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను. "పర్లేదు సార్, అందరూ ముందు నన్నే అంటారు" అన్నాడు.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. క్యాన్ ఎత్తే ముందు మూతినీ మెడనీ సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డతో తుడవడం, ఎందుకంటే ఆ క్యాన్‌ని ఆటోలోంచి దింపి నేల మీద దొర్లించుకుంటూ తెస్తారు. పదిహేను రోజులకోసారి డిస్పెన్సర్ విప్పి కడగడం. తెరిచిన క్యాన్ రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. ఎండ తగిలే బాల్కనీలో పెట్టొద్దు, నాచు పడుతుంది. బిందెలో నీళ్లుంటే చెంబు ముంచొద్దు, కాడ ఉన్న గరిటె వాడండి. గీతలు పడి మసకబారిన పాత క్యాన్ వస్తే వెనక్కి పంపండి, ఆ గీతల్లో జిగట కూర్చుంటుంది, ఎంత కడిగినా పోదు.

కారులో ఎండకి కాగిన బాటిల్ నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందటగా?

ఏళ్లుగా తిరుగుతున్న వాట్సాప్ మెసేజ్ ఇది. ఒక బాటిల్‌తో ఎవరికీ క్యాన్సర్ రాదు. అడుగున త్రికోణంలో 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్, అందరూ భయపెట్టే బీపీఏ అనే రసాయనం అందులో ఉండదు. బీపీఏ ఉండేది పాలికార్బొనేట్‌లో, కొన్ని గట్టి 20 లీటర్ల క్యాన్లు దానితోనే చేస్తారు, అడుగున 7 అని ఉంటుంది. వాటిలో వేడి నీళ్లు మాత్రం పోయకండి. పెట్ బాటిల్లో కూడా వేడి ఎక్కువై చాలా రోజులుంటే యాంటిమనీ అనే లోహం కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి నెలల తరబడి కారు డిక్కీలో బాటిళ్ల కేసు పెట్టుకోవడం మంచి అలవాటు కాదు.

నిజంగా ఆలోచించాల్సింది ప్లాస్టిక్ రేణువుల గురించి. 2024 జనవరిలో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు లెక్కబెడితే ఒక లీటరు బాటిల్ నీళ్లల్లో సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ ముక్కలు తేలాయి, ఎక్కువ భాగం కంటికి కాదు కదా మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనివి. ఒంట్లో చేరి అవి ఏం చేస్తాయన్న దాని మీద పరిశోధన ఇంకా నడుస్తోంది. ఇంట్లో ఉన్నప్పుడు బాటిల్ కొనకుండా ఉండటానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

బాటిల్ మీద ఎక్స్‌పైరీ తేదీ ఎందుకు? నీళ్లు పాడవుతాయా?

నీళ్లు కాదు, బాటిల్. తేదీ దాటితే పారబోయక్కర్లేదు, బండి కడుక్కోండి.

బస్టాండులో, రైల్లో కొనే బాటిల్ అసలుదని ఎలా తెలుస్తుంది?

మూత తిప్పినప్పుడు కింది రింగు టక్కుమని విడిపోవాలి. ముందే వదులుగా ఉంటే వద్దు. బాటిల్ తలకిందులు చేసి కొంచెం నొక్కండి, చుక్క కారితే మళ్లీ నింపిందే. లేబుల్ వంకరగా ఉన్నా, పేరు తెలిసిన కంపెనీ పేరులో ఒక అక్షరం మారినా వదిలేయండి. తాగేశాక బాటిల్ నలిపి పారేయండి, లేకపోతే ఎవరో ఏరుకెళ్లి నింపుతారు.

ధర విషయానికొస్తే, రైల్వే వాళ్ల సొంత నీళ్లు రైల్ నీర్ లీటరు బాటిల్ 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలు. ఇరవై అడిగితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. బయట షాపుల్లో ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. హోటల్లో, రెస్టారెంట్లో కూర్చుని తాగే బాటిల్‌కి మాత్రం ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ గొడవ పడి లాభం లేదు.

నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయి. ప్రమాదమా?

అది మంచి సూచన. ఇంటి దాకా వచ్చిన నీళ్లల్లో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణమే చెబుతోంది. వాసన నచ్చకపోతే కుండలో పట్టి గంటసేపు పల్చటి గుడ్డ కప్పి ఉంచండి, పోతుంది. నన్ను అడిగితే, రోజూ వచ్చే ఆ వాసన ఒక్కసారిగా ఆగిపోయిందంటేనే టెన్షన్ పడాలి.

ఇంకో మాట, నల్లాకి మోటారు బిగించి లాగకండి. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పక్కనే పగిలిన డ్రైనేజీ ఉంటే ఆ మురుగు పైపులోకి పీల్చుకుంటుంది. తాగేది మీరొక్కరే కాదు, వీధి మొత్తం. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలే పోయాయి. నీళ్లు రంగు మారినా వాసనొచ్చినా జలమండలి నంబర్ 155313.

రాగి చెంబు, చిల్లగింజ, పటిక, మట్టికుండ: ఇవి పనిచేస్తాయా?

పనిచేస్తాయి, దేని పని అది. చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక తిప్పినా బురద అడుగున దిగుతుంది, కానీ తేట నీళ్లల్లో క్రిములుండవని కాదు, ఆ తర్వాత మరిగించాల్సిందే. రాగి చెంబులో రాత్రంతా ఉంచితే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. అందులో మజ్జిగ, నిమ్మరసం పోయకండి, పులుపుకి రాగి ఎక్కువగా కరుగుతుంది. ఫ్లోరైడ్ మీద రాగి ప్రభావం సున్నా. మట్టికుండ చల్లబరుస్తుంది, ఆ రుచికి తిరుగులేదు, వారానికోసారి ఖాళీ చేసి ఎండబెట్టండి.

పసిబిడ్డ పాలపొడికి ఏ నీళ్లు?

మరిగించినవి. కాకపోతే పేడదిబ్బ పక్కన, ఎరువులు ఎక్కువ వేసే పొలం మధ్య ఉన్న బోరు అయితే మరిగించినా వద్దు. అక్కడ నైట్రేట్ ఉండొచ్చు, లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

వరద వచ్చి తగ్గాక ఏం చేయాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మా చిన్నాన్న వాళ్లు నాలుగు రోజులు మేడ మీదే ఉన్నారు. చుట్టూ నీళ్లే, గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. నీళ్లు తీశాక వాళ్లు చేసిన మొదటి తప్పు, సంపులో ఉన్న నీళ్లు పైకి తేటగా కనిపిస్తున్నాయని ట్యాంకులోకి ఎక్కించడం. వరద ముంచిన సంపు, బోరు, బావి ఏదైనా పూర్తిగా తోడించి, కడిగి, క్లోరిన్ వేసి, మళ్లీ తోడించాకే వాడాలి. అప్పటిదాకా మరిగించండి, గ్యాస్ లేకపోతే క్లోరిన్ మాత్రలు, బురద తేరాక వేసి అరగంట ఆగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచుకోండి.

నీళ్లు టెస్ట్ ఎక్కడ చేయిస్తారు?

హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ప్రభుత్వ ల్యాబ్ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు. బోరు నీళ్లకైతే టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ అడగండి, సూక్ష్మజీవుల పరీక్ష విడిగా అడగాలి. దానికి ల్యాబ్ వాళ్లిచ్చే శుభ్రమైన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు ఇవ్వాలి. కూల్ డ్రింక్ బాటిల్ కడిగి పట్టుకెళ్తే వచ్చే రిపోర్టు ఆ బాటిల్ గురించే. బోరుకి ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చాలు.

ఇంతకీ మీ ఇంట్లో ఏం తాగుతారు?

నల్లా నీళ్లు, యూవీ ఫిల్టర్‌లో వడకట్టి. బయటికెళ్తే స్టీలు బాటిల్. ఊళ్లో ఉండే మా అమ్మకి ఇప్పుడు పైపు నీళ్లు వస్తున్నాయి, అయినా పాత బోరు నీళ్లతో కాచిన టీ రుచే వేరంటుంది. నేను వెళ్లిన రోజు మాత్రం పైపు నీళ్లతో పెట్టి, నా మొహం వంక చూస్తూ ఇస్తుంది.